ఉప్పుగాలిలో తొలి కారు

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ తాళాలు అందించిన మొట్టమొదటి మారుతీ 800 తుప్పుపట్టిపోతే, కంపెనీయే బాగుచేసి తన ప్రధాన కార్యాలయంలో నిలిపింది. ఒకప్పటి పోర్ట్‌బ్లెయిర్, నేటి శ్రీవిజయపురంలో పాత 800ను కాపాడుకోవాలంటే ఆ భారం యజమానిదే. 796 సీసీ ఇంజిన్ మెకానిక్కులకు కొట్టినపిండి. చిక్కంతా బాడీతోనే. ఉప్పుగాలి తినేసిన రేకు కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, రంగు వేయించాలి. విడిభాగాలు ప్రధాన భూభాగం నుంచి రావాలి. విశాఖ నుంచైనా సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. పైగా 15 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022లో రూ. 600 నుంచి రూ. 5,000కు పెరిగింది; 20 ఏళ్లు దాటితే రూ. 10,000 అని 2025లో నిర్ణయించారు. 800 తయారీ 2014లోనే ఆగింది. ఇంటిల్లిపాదీ తొలిసారి ఎక్కిన కారు కనుక ఫీజు కడతారు, రేకూ మారుస్తారు. సముద్రాన్ని మాత్రం దూరం జరపలేరు.