మామూలు డిగ్రీనా, మిక్స్ డిగ్రీనా? కోర్సు పేరు కాదు, లోపలి సబ్జెక్టులు చూడండి

బచ్చన్నపేట నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంట్లోవాళ్ళు మామూలు బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ తీసుకో, టీచర్ జాబ్ కొట్టొచ్చు అంటున్నరట. తనకేమో డేటా సైన్స్ కలిసిన కోర్సు కావాలట. ఈ పంచాయితీ చాలా ఇళ్ళల్లో ఉన్నదే కాబట్టి, ఇయ్యాల దీని మీదనే మాట్లాడుకుందాం.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. ఇంజనీరింగ్‌లో సీఎస్ఈ పక్కన ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ అని కనిపిస్తయి కదా, అవి సీఎస్ఈలోనే స్పెషలైజేషన్లు. నిజంగా రెండు సబ్జెక్టులు కలిస్తే ఎట్లుంటదో చూడాలంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ను చూడండి. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎమ్మెస్, రెండూ కలిపి 5 ఏళ్ళ కోర్సు. కోడింగ్‌తో పాటు భాష ఎట్ల పనిచేస్తదో చదవాలి, థీసిస్ రాయాలి. తెలుగును మిషన్‌కు అర్థం చేయించాలంటే వ్యాకరణమూ తెలియాలి, ప్రోగ్రామింగూ తెలియాలి కదా! అయితే అడ్మిషన్ ఈజీ కాదు, యూజీఈఈ అనే ఎంట్రన్స్, తర్వాత ఇంటర్వ్యూ. ఫీజు కూడా గట్టిగనే ఉంటది.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మాటకొద్దాం. వాళ్ళ భయం ఉత్తదేం కాదు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో నేను చూసినంతవరకు డిగ్రీ పేరు కంటే ప్రాబ్లమ్ సాల్వ్ చేస్తున్నవా లేదా అన్నదే నడుస్తది. గవర్నమెంట్ నోటిఫికేషన్ అట్ల కాదు. గ్రూప్-2కు ఏ డిగ్రీ అయినా సరిపోతది. కానీ సివిల్ ఏఈఈ పోస్టుకు సివిల్ ఇంజనీరింగే కావాలి. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ రాయాలంటే డిగ్రీలో మ్యాథ్స్ ఉండాలి, మ్యాథ్స్ మెథడాలజీతో బీఎడ్ ఉండాలి. కోర్సు పేరు ఎంత కొత్తగా ఉన్నా, మెమోలో ఆ సబ్జెక్టు లేకపోతే అప్లికేషన్ అక్కడే ఆగిపోతది. కొత్త కోర్సులకు దారులు రాకుండా ఏం లేవు, 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్ అండ్ ఏఐ అని సెపరేట్ పేపరే పెట్టిన్రు. కాకపోతే నోటిఫికేషన్లు అంత స్పీడుగా మారవు.

అందుకే తమ్ముడికి నా సలహా సూటిగా చెప్తా: మ్యాథ్స్ వదలకు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ అనే కాంబినేషన్ ఉంది, కొన్ని కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ ప్లేస్‌లో డేటా సైన్స్ కూడా ఉంది. టీచర్ జాబ్ దారి మూసుకుపోదు, డేటా వైపు పోవాలన్నా బేస్ ఉంటది. డేటా సైన్స్‌లో సగం స్టాటిస్టిక్సే, ఆ మాట ఎవ్వరూ చెప్పరు!

అడ్మిషన్‌కు ముందు కాలేజీకి పోయి రెండే అడగండి. ఆ కొత్త సబ్జెక్టుకు పర్మనెంట్ లెక్చరర్ ఉన్నరా? ల్యాబ్ నడుస్తున్నదా? పక్క డిపార్ట్‌మెంట్ సార్‌తో నెట్టుకొస్తుంటే, కొత్త పేరు కోసం ఆ సీటు తీసుకోకండి. సీనియర్లను అడిగితే అసలు సంగతి ఇంకా తొందరగా తెలుస్తది.

దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీతో పాటు కాంబినేషన్, మీడియం కూడా చూసుకోండి. ఆర్డర్ ముఖ్యం, నిజంగా కావాల్సింది పైన పెట్టండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.