పాలలోని కణములు - పొదుగువాపు జాడ

పొదుగువాపు అనగానే పాడిరైతు కన్నుల యెదుట మెదలునది ఎర్రబారి గట్టిపడిన పొదుగు, చేయి తగిలినంతనే కాలు జాడించు పశువు, విరిగిన పాలు. ఈ రూపమును గుర్తించుటకు పండితుడు అక్కరలేదు. కాని ఈ వ్యాధికి ఇంకొక రూపము కలదు. అందు పొదుగు మెత్తగనే యుండును. పాలు తెల్లగనే యుండును. పశువు మేత మేయును. పాలు మాత్రము నానాటికి కొంచెము తగ్గుచుండును. ఇంటివారు తవుడు మార్చి చూతురు, దిష్టి తీయుదురు. దొంగ పొదుగులోనే దాగియుండును.

ఆ దొంగను పట్టియిచ్చునది పాలలోని కణముల సంఖ్య. చనుకట్టు కొననున్న సన్నని రంధ్రము గుండ సూక్ష్మజీవులు లోనికి చొరబడగా, వానిని ఎదుర్కొనుటకు రక్తములోని తెల్లకణములు పొదుగులోనికి దిగును. వ్యాధి సోకిన పాలలో లెక్కకు వచ్చునవి ముఖ్యముగా ఇవియే. అనగా కణములు వ్యాధి కావు. వ్యాధిపైకి వచ్చిన సైన్యము. ఆరోగ్యముగానున్న ఆవు పాలలో ఇవి సాధారణముగా మిల్లీలీటరునకు 1 లక్షకు లోపుగా ఉండును. 2 లక్షలు దాటినచో వ్యాధి యున్నదని పశువైద్యులు అనుమానింతురు. ఐరోపా సమాఖ్య దేశములలో ఆవుపాలకు సగటు 4 లక్షలు మించరాదని నియమము. మన గ్రామములలోని పాల సేకరణ కేంద్రమున చూచునది సాధారణముగా వెన్నశాతము, ఎస్.ఎన్.ఎఫ్. మాత్రమే. కణముల లెక్క రైతు చీటీపైకి రాదు.

బోధను ప్రాంతమున ఈ నష్టము చిన్నది కాదు. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీరా నీరు పొలములకు పారినది. 1937లో శక్కరునగరున చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు పైకము ఏడాదికొకసారి వచ్చునది. పాలపైకము పూటపూటకు పోసిన పాలనుబట్టి వచ్చి ఉప్పు పప్పులకు అక్కరకు వచ్చునది. నాలుగింట ఒక చనుకట్టు చెడినను ఇల్లాలి లెక్కలో తేడా పడును.

1957లో షాల్మ్, నూర్లాండర్ అను శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలో ఒక సులభ పరీక్షను వెలువరించిరి. సబ్బు జాతి ద్రవము పాలలోని కణముల పొరను కరగించును. లోపలి పదార్థము వెలికి వచ్చి జిగురుకట్టును. కణములెంత ఎక్కువో జిగురంత చిక్కన. ఇదే సూత్రముపై బట్టలుతుకు పొడితోను ఇంట పరీక్షించుకొనవచ్చును. అర లీటరు నీటిలో 15 గ్రాముల పొడి కలుపవలెను. ప్రతి చనుకట్టు మొదటి రెండు ధారలను వేరుగా తీసివేసి, తరువాతి పాలు కొంచెము నాలుగు వేర్వేరు గిన్నెలలో పట్టి, అంతే సబ్బునీరు పోసి ఒక నిమిషము మెల్లగా త్రిప్పవలెను. పలుచగా కదలిన మంచిదే. బెండకాయ జిగురువలె సాగిన ఆ చనుకట్టును అనుమానింపవలెను. క్రొత్తగా ఈనిన పశువునందును, వట్టిపోవు పశువునందును నాలుగింటను కొంత జిగురు సహజముగనే కనబడవచ్చును. ఒక్కదానియందే కనబడుట వేరు. పరీక్షించిన పాలను పారబోయవలెను, దూడకైనను పట్టరాదు.

గేదె, మన ప్రాంతపు మాటలో బర్రె, చనుకట్టు కండరము బిగువైనది గనుక సంకరజాతి ఆవుకంటె కొంత నయము. అంతమాత్రమున దానికి రాదనుకొనరాదు. బొటనవ్రేలు మడచి చనుకట్టును నలిపి పిండు అలవాటు మనయందు బలముగా నున్నది. అది లోపలి పొరను గాయపరచును. పిడికిటితో పిండుటయే మేలు. పిండిన తరువాత అరగంటకు పైగా రంధ్రము తెరచియే యుండును. అప్పుడే పశువు బురదలో పండుకొన్నచో సూక్ష్మజీవులకు ద్వారము తెరచినట్లే. అందుచేత పాలు పిండిన వెంటనే మేత వేసి నిలబెట్టవలెను. అయోడిన్ ద్రవములో చనుకట్లను ముంచవలెను. వ్యాధిగల పశువును చివర పిండవలెను.

చికిత్స పశువైద్యుని పని. మందు పొదుగులోనికి ఎక్కించినప్పుడు ఎన్ని పూటల పాలు వాడరాదో ఆయననే అడిగి, పాక గోడమీద బొగ్గుతో వ్రాసి యుంచుకొనుట మంచిది. ఆ పాలు సరిగా తోడుకొనవు. కేంద్రపు క్యానులో కలిసినచో ఊరందరి పాలకు చేటు.