వక్కచెట్టు వెంట వానలోనికి: అమరాపురము నుండి ఆగుంబెకు మోటారు సైకిలు యాత్ర

వక్కచెట్టు వాన నాశ్రయించి బ్రతుకు చెట్టని వ్యవసాయ గ్రంథములు చెప్పుచున్నవి. అట్టి చెట్టు, సాలుకు 550 మిల్లీమీటర్ల వానయైనను నిలుకడగా కురియని మన సీమలో, అమరాపురము, అగళి, రొళ్ళ, గుడిబండ ప్రాంతములందు తరతరములుగా పెంచబడుచున్నది. పూర్వము ఈ తోటలకు చెరువు క్రింది తేమయు, తలపరిగెల యూటయు ఆధారముగా నుండెను. తలపరిగె యనగా భూమిలోని యూటను చిన్న కాలువ త్రవ్వి పల్లమునకు పారించు ఏర్పాటు. దానికి ఎద్దులతో గాని యంత్రముతో గాని పనిలేదు. మడకశిర, శిర, పావగడ ప్రాంతముల వృద్ధులు వీని నెరుగుదురు. బోరుబావులు వచ్చిన పిమ్మట ఆ యూటలు చాలవరకు అడుగంటినవి. నేడు కొన్నిచోట్ల వేయి అడుగుల లోతునకు పోయి నీరు తెచ్చి వక్కచెట్టు మొదట పోయుచున్నాము.

మా మిత్రులలో నొకరికి రెండెకరముల వక్కతోట కలదు. దాని ప్రక్కనే మరి రెండెకరములు నాటవలెనని ఆయన సంకల్పము. అందులకు క్రొత్త బోరు కావలెను. తొమ్మిదడుగుల యెడమున నాటినచో ఎకరమునకు సుమారు 540 మొక్కలు పట్టును. వేసవిలో బిందుసేద్యము చేసినను చెట్టునకు దినమునకు 16 మొదలు 20 లీటర్ల నీరు కావలెనని పరిశోధకుల లెక్క. అనగా ఎకరమునకు దినమొక్కింటికి ఇంచుమించు పదివేల లీటర్లు. నాటిన పిదప అయిదారేండ్ల వరకు గెల కంటబడదు. అన్నాళ్లును బోరు ఎండక నిలువవలెను, అప్పునకు వడ్డీ కట్టుచుండవలెను. ఈ విషయము మాలో మేము అనేక పర్యాయములు తర్కించుకొంటిమి గాని తేలలేదు. తుదకు వక్కకు పుట్టినిల్లు వంటి మలెనాటిని, వానలు ముమ్మరముగా నుండు దినములలోనే, కన్నులార చూచి వత్తమని 2024వ సంవత్సరము జూలై మాసమున నలుగురము మూడు మోటారు సైకిళ్లపై బయలుదేరితిమి.

బస్సులో పోరాదా యని ఇంటివా రడుగకపోలేదు. బస్సులో పోవువానికి వాన అద్దము వెలుపల కనబడును గాని మేనికి తగులదు. మోటారు సైకిలుపై పోవువానికి గాలి మారుటయు, మంటి వాసన మారుటయు, చలి మొదలగుటయు ఊరూరికి తెలియును. మేము చూడబోవునది వానయే గనుక వానలో తడియుటయే సరియైన మార్గమని మాకు తోచినది. ఇది గొప్ప సాహస మని చెప్పుకొనుటకు గాదు. 2018వ సంవత్సరమున జై భారతి మొదలగు నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి మోటారు సైకిళ్లపై బయలుదేరి మయన్మారు, తాయిలాండు, లావోసు, కాంబోడియా, వియత్నాము దేశములు తిరిగి సుమారు 17,000 కిలోమీటర్లు నడిపి వచ్చిరి. మేము పోయివచ్చినది రమారమి 700 కిలోమీటర్లు. మా బండ్లలో రెండు పాలబిందెలు మోయుటకు అలవాటుపడిన చిన్నవి. మూడవది మా మిత్రుని తండ్రిగారి కాలపు బుల్లెట్టు.

తెల్లవారకముందే అమరాపురము విడిచితిమి. ఆషాఢపు గాలి మన యెడల ఎట్లుండునో చదువరులకు చెప్పనక్కరలేదు. మేఘములు తలపై పరుగులిడుచునే యుండును, చినుకు రాలదు. చేలలో వేరుశనగ విత్తుటకు గొర్రు కట్టి కొందరు, ఆకాశము వంక చూచుచు కొందరు కనబడిరి. హిరియూరు చేరువరకు మాకు శత్రువు దుమ్మే. గాలి ప్రక్కనుండి కొట్టునపుడు చిన్నబండి రోడ్డు మధ్యనుండి అంచునకు జరుగుచుండెను. వెనుక కూర్చున్న మిత్రుడు బరువు కలవాడగుట ఆ పూట మాకు ఉపకారమే యైనది.

హిరియూరు దాటిన పిమ్మట వాణీవిలాస సాగరమువద్ద కొంతసేపు ఆగితిమి. రెండు కొండల నడుమ వేదవతీ నదికి అడ్డముగా మైసూరు ప్రభువులు 1898లో ప్రారంభించి 1907లో ముగించిన ఆనకట్ట యిది. ఊరివారు మారికణివె యందురు. ఈ చెరువు 1933లో నిండి పొర్లినది. మరల పొర్లుట 2022వ సంవత్సరము సెప్టెంబరులోనే. నడుమ 89 ఏండ్లు గడచినవి. తాత చూచిన దానిని మనుమడు చూచెనన్నమాట. ఇక్కడి వేదవతియే అనంతపురము జిల్లాలో హగరి యను పేర పారి భైరవానితిప్ప జలాశయమునకు చేరుచున్నది. వర్షచ్ఛాయలో నున్న దేశమున ఆనకట్ట కట్టుట యొక యెత్తు, దానికి నీరు వచ్చుట మరియొక యెత్తు అని మా మిత్రు డనెను. ఆయన మనస్సులో బోరే మెదలుచున్నదని మాకందరకును తెలిసినది.

హొసదుర్గము మీదుగా అజ్జంపురము వరకు ఎండయు నీడయు దోబూచులాడినవి. తరికెరె సమీపించుచుండగా గాలి మెత్తబడినది. దుమ్ము వాసన పోయి పచ్చియాకు వాసన వచ్చినది. కొండల వైపునుండి సన్నని తుంపర దిగినది. రోడ్డునకు రెండు ప్రక్కల వక్కతోటలు మొదలైనవి. మన తోటలవలె కంచె నడుమ దాగి యుండక కంటికానినంత దూరము వరిమళ్లను ఆనుకొని యున్నవి. శివమొగ్గ చేరుసరికి అది సోనవాన యైనది. తీర్థహళ్లి దారిలో వర్షము ధారలు కట్టినది.

తడిరోడ్డుపై బండి నడుపుట మాకు క్రొత్త. మొదటి గంటలోనే కొన్ని సంగతులు తెలిసివచ్చినవి. రోడ్డుపై వేసిన తెల్లగీతలు తడిసినచో నూనె రాచినట్లు జారును. రాలిన ఆకులు అంతకన్న అధ్వాన్నము. చక్రపు డ్రమ్ములో నీరు చేరిన బ్రేకు మొదట పట్టదు. పట్టినచో ఒక్కసారిగా పట్టును. కావున లోతునీరు దాటిన పిదప బ్రేకును కొంచెము నొక్కి పట్టి నెమ్మదిగా నడిపి ఆరబెట్టుకొనవలెను. మండగద్దె దాటిన తరువాత ఒక చిన్నబండి ఇంజను ఆగినది. ప్లగ్గు తొడుగులో నీరు చేరియుండెను. ఒక టీకొట్టు చూరుక్రింద ప్లగ్గు ఊడదీసి పంచెకొంగుతో తుడిచి మరల బిగించినంతనే నడిచినది. ఆ కొట్టు యజమాని మా సంఖ్యాఫలకములు చూచి ఆంధ్రులని తెలిసికొని, మేము మాటలాడు కన్నడము విని ఆశ్చర్యపడెను. అమరాపురములో ప్రతి యింటను రెండు భాషలును నడచునని ఆయన యెరుగడు.

ఆ రాత్రి తీర్థహళ్లిలో నుంటిమి. మరునాడు ఉదయమున చూడగా తుంగానది ఎర్రనై గట్టులనొరసి పారుచున్నది. ఈ నీరు భద్రతో గూడి తుంగభద్ర యగును. ఆలంపురము సమీపమున కృష్ణలో కలిసి శ్రీశైలము చేరును. శ్రీశైలపు నీటిని హంద్రీ-నీవా పథకము మెట్టుమెట్టుగా ఎత్తి మన సీమకు తెచ్చుచున్నది. ఆ పథకముచే పెనుకొండ వద్ద గొల్లపల్లి జలాశయమునకు 2016లో నీరు చేరినది. మడకశిర వైపునకు శాఖా కాలువయు త్రవ్వబడినది. మేము ఒక దినములో వచ్చిన దూరమును ఈ నీరు ఉత్తరముగా పోయి, తూర్పునకు తిరిగి, మరల దక్షిణమునకు యంత్రములచే ఎక్కి రావలసి యున్నది. అమరాపురపు తోటలు మాత్రము నేటికిని బోరునే నమ్ముకొని యున్నవి.

ఆగుంబె చేరునప్పటికి పగలు పదునొకండు గంటలు. దీపము వెలిగించినను ముందు బండి కనబడలేదు. మంచో మేఘమో తెలియని తెల్లదనములో, పలుకరించుకొనుచు నడచినట్లుగా, కొమ్ము మ్రోగించుకొనుచు నడిపితిమి. ఇచ్చట సాలుకు సగటున 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అనగా మనకు పన్నెండు, పదుమూడేండ్లలో కురియునది వీరికి ఒక్క యేట కురియుచున్నది. వింత యేమనగా, ఆగుంబె ఎత్తునకును మడకశిర ఎత్తునకును గొప్ప భేదము లేదు. రెండును సముద్రమట్టమునకు ఇంచుమించు 650 మీటర్ల యెత్తున నున్నవే. భేదమంతయు కొండకు ఏ వైపున నున్నామన్న దానిలోనే యున్నది. అరేబియా సముద్రమునుండి వచ్చు తడిగాలి ఈ కనుమ గోడను ఎక్కుచు చల్లబడి తన బరువంతయు ఇచ్చటనే దింపుకొనును. దిగి తూర్పునకు వచ్చునప్పటికి దానియందు వేగము తప్ప తేమ మిగులదు. మన కనుకూలించు వాన సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనిది.

ఇంత వాన చూచి మా మిత్రుడు మొదట నిట్టూర్చెను. బోరు లేదు, బిందుసేద్యపు గొట్టము లేదు, కరెంటు కొరకు నడిరేయి మేల్కొనుట లేదు. వక్కరైతు సుఖమంతయు ఇచ్చటనే యున్నదని ఆయన తలంపు. శృంగేరి దారిలో నొక తోటలో కంబళి కొప్పెర వేసికొని నిలిచిన వృద్ధకర్షకుని పలుకరించితిమి. ఆయన మమ్ము తోటలోనికి కొనిపోయి నేల చూపెను. చెట్ల క్రింద పచ్చికాయలు రాలి పడియున్నవి. చేతికి తీసికొనగా నీరు పట్టి మెత్తబడియున్నవి. కొన్నింటిపై తెల్లని బూజు. ఇదియే కొళెరోగము. కన్నడమున కొళె యనగా కుళ్లు.

ఈ తెగులు వాననే వాహనముగా చేసికొని గెలనుండి గెలకు ప్రాకును. పూర్వము మలెనాటి వారు ప్రతి గెలకును గడ్డితో అల్లిన గొడుగు కట్టుచుండిరి. మైసూరు ప్రభుత్వపు కొలువునకు వచ్చిన కెనడా దేశీయుడు లెస్లీ కోల్మన్ 1910 ప్రాంతమున ఈ తెగులునకు మూలమైన బూజును పరిశోధించి బోర్డో మిశ్రమము చల్లుట నేర్పెను. మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో, నీరు నూరు లీటర్లు. నూరేండ్లు దాటినను రైతులు నేటికిని దానినే వాడుచున్నారు. వాన ప్రారంభమునకు ముందొకసారి, నలువది, నలువదియైదు దినములకు మరల నొకసారి చల్లవలెను. రెండవ విడతకు వాన తెరపి ఇయ్యవలెను గదా. తెరపి ఇచ్చిన దినమున చెట్టెక్కు మనిషి దొరకవలెను. తడిసిన వక్కమ్రాను నూనెస్తంభముతో సమానము. ఆ యేట వాన తెరపి ఇయ్యలేదని, చెట్టెక్కువారి కొరకు ముందుగా సొమ్మిచ్చియు ఎదురు చూచితినని ఆ వృద్ధుడు చెప్పెను. ఇంతేగాక శృంగేరి, కొప్ప ప్రాంతములలో ఆకులు పసుపువారు తెగులొకటి దీర్ఘకాలముగా తోటలను తినివేయుచున్నది. దానిని మాన్పు మందు నేటివరకు లేదు. ఇటీవల ఆకుమచ్చ తెగులు తోడైనది. కొందరు కాఫీ, మిరియముల వైపు మరలుచున్నారు.

మాకు బోరున్నదని, వాన చాలదని, ఎండలు మెండని మా మిత్రుడు చెప్పగా, ఆ వృద్ధుడు, మీకు కొళెరోగము రాదా యని అడిగెను. అది మా యెడల కానరాదని, కాయ ఎండుటకును కొరత లేదని చెప్పితిమి. ఆయన కొంతసేపు పలుకక యుండి, ఒక్క జూలై మాసమునకు మా మేఘములను మీరు తీసికొని మీ యెండ నాకీయరాదా యని నవ్వెను. మా మిత్రుని నిట్టూర్పు ఆ మాటతో ఆగినది.

శారదాంబ దర్శనము చేసికొని, కొప్ప మీదుగా ఆ రాత్రికి శివమొగ్గకు మరలితిమి. మూడవనాడు మామ్‌కోస్ సంగతి తెలిసికొంటిమి. ఇది మలెనాటి వక్కరైతులు 1939లో ఏర్పరచుకొనిన విక్రయ సహకార సంఘము. రైతు సరకు తెచ్చి సంఘమున దించును. సరకు, బెట్టె, రాశి, గొరబలు అను తరగతులుగా వేరుచేసి వేలము వేయుదురు. ధర నచ్చనిచో సరకును సంఘమున నిలువయుంచి దానిపై బదులు తీసికొనవచ్చును. సముద్రతీరపు రైతులు 1970 తరువాత ధరలు పడిపోయి అల్లాడినపుడు వారణాసి సుబ్రాయ భట్టుగారి పూనికతో 1973లో మంగళూరున క్యాంప్కో నెలకొల్పుకొనిరి. 1986లో పుత్తూరున చాకొలెట్టు కర్మాగారమును కూడ తెరచిరి. వక్క నొక్కదానినే నమ్ముకొనరాదని వారు ముందుగానే గ్రహించినట్లున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో వక్కను క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చినది. ఇరువది ముప్పది యేండ్లు నిలుచు తోట నాటువాడు ఈ సంగతిని కూడ లెక్కలోనికి తీసికొనవలసినదే.

తిరుగుదారి గురించి చెప్పవలసిన దంతగా లేదు. తరికెరెవద్ద వాన విడిచినది, హొసదుర్గమువద్ద బట్టలు ఆరినవి, హిరియూరువద్ద మరల దుమ్ము మొదలైనది. ఇంటికి వచ్చి గొలుసులు విప్పి చూడగా రెండు బండ్లకు అప్పుడే త్రుప్పు పట్టుచుండెను. వానలో తిరిగిన బండిని ఆ రాత్రికే తుడిచి గొలుసునకు నూనె పెట్టవలెనని పోవువారు గుర్తుంచుకొందురు గాక.

మా మిత్రుడు బోరు యంత్రమునకు ఇచ్చిన బయానా వెనుకకు తీసికొనెను. రెండెకరములలో అర యెకరము మాత్రమే, ఉన్న బోరు ఇచ్చు నీటికి లోబడి, వక్క నాటుటకు నిశ్చయించి, మిగిలిన చేనిలో రాగియు కందియు వేసెను. పాతతోటలో చెట్ల మొదళ్లకు ఆకును, గెలల పీచును కప్పించెను. మాలో బుల్లెట్టు గల యాయనకు మాత్రము ఇది నచ్చలేదు. ధర మంచిగా నుండగా వెనుదీయుట పిరికితనమని ఆయన వాదము. ఆయన తన చేనిలో నిండుగా నాటెను. ఇద్దరి తోటలకును నడుమ ఒక కాలిబాటయే అడ్డము.

వక్క ఉడికించి ఎండబెట్టు దినములలో శిరసి వైపు మరియొకసారి పోవలెనని అనుకొనుచున్నాము. వచ్చువారు తమ బండిని, వానగుడ్డను, ఒక అదనపు ప్లగ్గును తామే తెచ్చుకొనవలెను.