ఉరికేటోళ్లకు నమ్మకం యాడికెల్లి వస్తది?

పోలీసు కొలువుల నోటిఫికేషన్ పడ్డదంటే చాలు, ఊర్ల పొంటి రోడ్లన్నీ తెల్లారకముందే నిండుతయి. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలని పెట్టిండ్రు. మొదటి వారం గుంపులుగ ఉరుకుతరు. నెల తిరిగేసరికి చానామంది కనవడరు. ఎందుకు బంద్ జేసినవ్ తమ్మీ అని అడిగితే "నాతోని కాదన్నా" అంటరు. కాళ్లు నొచ్చి ఆగినోళ్లున్నరు, పని ఒత్తిడికి ఆగినోళ్లున్నరు. గానీ ఆ ఒక్క మాట కాడనే ఆగిపోయినోళ్లు గూడ తక్కువ లేరు.

ఈ మాట మీదనే అల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977ల ఒక సిద్ధాంతం చెప్పిండు. దానికి ఆయన పెట్టిన పేరు సెల్ఫ్ ఎఫికసీ. మన మాటల చెప్పాలంటే "ఈ పని నాతోని అయితది" అనే నమ్మకం. ఇది ఉత్త ఆత్మవిశ్వాసం కాదు. పదిమందిల దంచి మాట్లాడేటోడు గూడ గ్రౌండ్ల దిగంగనే జంకొచ్చు. ఆత్మవిశ్వాసం మనిషి మొత్తం మీద ఉంటది, ఇది ఒక్క పని మీద ఉంటది. ఆ నమ్మకం ఉన్నోడు ఎక్కువ కష్టపడతడు, ఓడినా మళ్ల వస్తడు. మూడో రౌండ్ల ఆయాసమొస్తే ఒకడు "ఇగ నా పని అయిపోయింది" అనుకుంటడు. ఇంకొకడు "మూడో రౌండ్ గిట్లనే ఉంటది" అనుకొని ఉరుకుతడు.

మరి ఆ నమ్మకం యాడికెల్లి వస్తది? బందూరా నాలుగు దారులు చెప్పిండు.

అన్నిట్ల గట్టిది, సొంతంగ చేసి గెలుసుడు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏండ్ల 11 నెలలు. ఆమె సీదా ఎవరెస్ట్ కాడికి పోలే. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్ల శిక్షణ, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ పై మెట్టు మీద నమ్మకం పెరుగుతది.

రెండోది, మనలాంటోళ్లు చేస్తుంటే సూసుడు. వరంగల్ జిల్లా కల్లెడల కూలి చేసుకునే ఇంట్ల పుట్టిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ల 400 మీటర్ల టీ20 విభాగంల కాంస్యం తెచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న స్టార్ కంటే పక్కూరి పిల్ల గెలుపే మనసుకు ఎక్కువ తాకుతది.

మూడోది, నమ్మే మనిషి చెప్పే మాట. "నువ్వు తోపువి" అంటే గాలి మాట. "పోయిన వారం కంటే పది సెకన్లు తగ్గించినవ్" అంటే పని జేసే మాట. గట్లనే "నీతోని ఏడైతది రా" అనే ఎక్కిరింపు ఉన్న నమ్మకాన్ని గూడ కూలగొడతది.

నాలుగోది, ఒంటి సంగతిని అర్థం చేసుకునే తీరు. ఉరుకుడు మొదలువెట్టే ముందు గుండె దడదడ కొట్టుకుంటది. అది భయమే కావాలని లేదు, ఒళ్లు తయారైతున్నట్టు గూడ. కానీ ఛాతిల నొప్పి లేసినా, కండ్లు తిరిగినా వెంటనే ఆగాలె, డాక్టరుకు సూపెట్టుకోవాలె. అక్కడ మొండితనం పనికిరాదు.

ఇగ చేసేదేందంటే, లెక్కను ముక్కలు జేసుకోవాలె. 1600 అంటే 400 మీటర్ల నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌కు దగ్గరదగ్గర 1 నిమిషం 48 సెకన్లు. ముందు ఒక్క రౌండ్ ఆ టైంల కొట్టు, తర్వాత రెండు. ప్రతి వారం టైం నోటుబుక్కుల రాసుకో. "నాతోని కాదు" అనిపించిన రోజు ఆ బుక్కు తీసి సూడు.

నమ్మకం ఒక్కటే అన్నీ చెయ్యదు. ప్రాక్టీసు లేని ధీమా మొదటి రౌండ్లనే దిగిపోతది. ఊర్ల గ్రౌండ్ లేకుంటే, తిండి సరిపోకుంటే, చీకట్ల రోడ్డు మీద ఉరకాలంటే ఆడపిల్ల భయపడాల్సి వస్తే, అది ఆ పిల్ల మనసు బలహీనత కాదు. గ్రౌండ్, లైట్లు అడుగుడు పంచాయతీ కాడ చెయ్యాల్సిన పని. నలుగురు చెల్లెండ్లు కలిసి ఉరుకుతుంటే ఎక్కిరించకుండ తొవ్వ ఇచ్చుడు మనం చెయ్యాల్సిన పని.