ఒక ఊరు, నాలుగు పేర్లు

తుర్కయంజాల్ అని మనం రాస్తాం. మరోచోట తుర్కయాంజల్ అని కనిపిస్తుంది. ఇంగ్లీషులో వర్ణక్రమం వేరు. ఉర్దూలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు గనుక, ఊరు తెలియనివారు ఎలాగైనా చదువుకోవచ్చు. సాగర్ రోడ్డులో మాసబ్ చెరువు దగ్గర నిలబడ్డ మనిషికి ఇవన్నీ ఒకే ఊరు. కంప్యూటర్‌కు మాత్రం, ఎవరో కలిపి చెబితే తప్ప, నాలుగు ఊళ్ళు.

పాత పుస్తకాలను, దస్తావేజులను ఫొటోలు తీసి దాచే పనిలో చిక్కంతా ఇదే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాలు 5 లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ చేశాయి. అందులో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. మెచ్చుకోదగిన పనే. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు ఎక్కించడం వల్ల ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకదు! తెలుగు పుస్తకాల జాబితాను తర్వాత వికీపీడియా కార్యకర్తలు కూర్చుని సరిచేయవలసి వచ్చింది.

ఇప్పుడు ఈ పని యంత్రానికి నేర్పుతున్నారు. వేల పుటల్లో ఇది రచయిత పేరు, ఇది ముద్రణ సంవత్సరం అని మనుషులు గుర్తులు పెడితే, ఆ పోలికలు పట్టుకుని కొత్త పుటలను అది వివరిస్తుంది. అచ్చు తెలుగు బాగానే చదువుతోంది. తంటా అంతా నస్తాలిక్‌తోనే. అక్షరాలు ఒకదానిపై ఒకటి వాలతాయి; చుక్క కింది నుంచి పైకి జరిగితే 'జీమ్' కాస్తా 'ఖే' అవుతుంది. చేతిరాత షికస్తా, లెక్కలకు వాడిన సియాఖ్ అంకెలు మరీ కష్టం. వాటిని చదవగల మనుషులే అరుదు, ఇక యంత్రానికి నేర్పేదెవరు?

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల నాటి ఫారసీ కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. 1880లలో నిజాం సర్కారు ఉర్దూకు మారింది గనుక తర్వాతి దఫ్తరాలు ఉర్దూలో ఉంటాయి. ఇనాం సనదులు, ఖబరస్తాన్ హద్దులు ఇలాంటి కాగితాల్లోనివే. పొలాలు ప్లాట్లయిన చోట ఊరి పేరు తప్పు పడితే ఆ కాగితం ఉండీ లేనట్టే. పైగా అర్థంకాని చోట ఈ యంత్రం తెలియదని ఊరుకోకుండా, తోచిన పేరు ధీమాగా రాసేస్తుంది. అందుకే యంత్రం చదివినదాన్ని యంత్రం చదివినదిగానే చూపి, పక్కన అసలు ఫొటో ఉంచి, లిపి తెలిసినవారు చూశాకే ఖాయం చేయాలని మా అభిప్రాయం.

మీ ఇంటి పెట్టెలోనూ పాత కాగితాలు ఉంటే లామినేషన్ చేయించకండి. మొహర్లు కనబడేలా రెండు వైపులా ఫొటో తీయండి. దాదాజాన్ ఉండగానే చదివించి, ఊరి పేరు ఆయన పలికినట్టే వేరే కాగితం మీద రాసుకోండి. ఇప్పటి పేరు దాని పక్కన.