కొలిమి దగ్గర మొదటి పాఠం

అనకాపల్లి జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని రాంబిల్లి మండలం ఉంది. ఎప్పుడైనా అటు వెళితే ఒక పని చెయ్యండి. దారిలో మీ కంటబడిన కత్తులనన్నిటినీ లెక్కపెట్టండి. వరి కోసే కొడవలి, చెరకు నరికే కత్తి, కొబ్బరిబొండాం చెక్కే కత్తి, చేపలు కోసే కత్తిపీట, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని నడుముకు వేలాడే కత్తి. ఇంకొంచెం ముందుకు పోయి ఎటికొప్పాక చేరితే, లక్కబొమ్మల కోసం అంకుడు కర్రను చెక్కే ఉలులు. లెక్కకు రెండు చేతుల వేళ్ళూ చాలవు!

ఇవన్నీ దేనితో చేసినవి? "ఇనుముతో" అని వెంటనే అంటారు మీరు. మరి బొండాలు కొట్టే కత్తి రోజుకు వందల దెబ్బలు తిని కూడా విరగదు. ఉలి అంచు దానికంటే గట్టిది; కాని ఆ ఉలితో బొండాన్ని బాదితే అంచు ఊడి వస్తుంది. గీత కత్తి సంగతి ఇంకా చిత్రమైనది. తాటిగెల చివరను కాగితమంత పలచగా చెక్కాలి. అంచు మొద్దుబారితే బలంగా లాగవలసి వస్తుంది. అంత ఎత్తున, కాళ్ళకు బంధం వేసుకుని నిలబడ్డ మనిషి బలంగా లాగితే పట్టు తప్పవచ్చు. అతని ప్రాణం కొంతవరకు ఆ అంచు మీద, అంటే కింద కొలిమిలో దాన్ని కాల్చిన కమ్మరి కంటిచూపు మీద ఆధారపడి ఉంది.

అందుచేత కత్తి చెయ్యడం నేర్చుకోవాలనుకునేవారికి మొదటి పాఠం సుత్తి పట్టడం కాదు, ఉక్కు స్వభావం తెలుసుకోవడం. దీనికి కొలిమి కూడా అక్కరలేదు. మూడు కుట్టుసూదులు, ఒక స్పిరిటు దీపం, రెండు పటకార్లు, గ్లాసుడు నీళ్ళు, చిన్న గరుకు కాగితం ముక్క చాలు. అయితే ఈ ప్రయోగం మీ సైన్సు మాష్టారి ఎదుటనే చెయ్యండి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. సూదిని వంచేటప్పుడు మందపాటి గుడ్డలో చుట్టి వంచాలి. విరిగిన సూదిముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

మొదటి సూదిని మంటలో పెట్టి ఎర్రగా కాల్చండి. తరువాత దాన్ని ఒక్కసారిగా తీయకుండా, మెల్లమెల్లగా మంట పైకి జరుపుతూ చల్లారనివ్వండి. ఇప్పుడు వంచి చూడండి. రాగితీగలా వంగిపోతుంది, వంగినట్లే ఉండిపోతుంది.

రెండో సూదిని అలాగే ఎర్రగా కాల్చి, తటాలున నీళ్ళలో ముంచండి. గుడ్డలో చుట్టి కొంచెం వంచబోయారో లేదో టప్పున విరుగుతుంది. అచ్చం గాజు!

మూడో సూదిని కూడా కాల్చి నీళ్ళలో ముంచండి. కాని వంచకండి. గరుకు కాగితంతో జాగ్రత్తగా రుద్ది, మెరిసేలా చేసి, మంటకు బాగా పైన పట్టుకోండి. కాసేపటికి సూది మీద లేత పసుపురంగు పాకుతుంది. తరువాత గోధుమరంగు, ఊదా, చివరికి నీలం వస్తాయి. నీలం కనిపించగానే తీసెయ్యండి. చల్లారాక వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి నిటారుగా లేస్తుంది. స్ప్రింగు!

సూదులు మూడూ ఒకే డబ్బాలోవి. వాటిలో కొత్తగా ఏమీ కలపలేదు. అయినా ఒకటి తీగ, ఒకటి గాజు, ఒకటి స్ప్రింగు అయ్యాయి. ఎందుకని?

ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కర్బనం, అంటే మన బొగ్గులో ఉండే మూలకమే, కలిసిన లోహం. సూదులు, కత్తుల్లో ఇది నూటికి ఒకపాలు లేదా అంతకు కొంచెం తక్కువ ఉంటుంది. చల్లని ఇనుములో పరమాణువులు ఒక రకమైన వరసలో కూర్చుని ఉంటాయి. ఆ వరసలో కర్బనానికి చోటు దాదాపు లేదు. సూది ఉక్కును సుమారు 730 డిగ్రీల సెంటిగ్రేడు దాటించి వేడిచేస్తే ఇనుప పరమాణువులు లేచి వేరొక వరసలో సర్దుకుంటాయి. ఆ వరసలో కర్బనం సులువుగా ఇముడుతుంది. మెల్లగా చల్లారిస్తే ఇనుము తన పాత వరసకు వస్తూ కర్బనాన్ని బయటకు నెట్టివేస్తుంది; లోహం మెత్తబడుతుంది. నీళ్ళలో ముంచితే? బయటపడడానికి కర్బనానికి వ్యవధి ఉండదు. కిక్కిరిసిన బస్సులో ఎవరూ కాలు కదపలేనట్లు, పరమాణువులన్నీ బిగుసుకుపోతాయి. అందుకే అంత గట్టిదనం, అంత పెళుసుదనం కూడా. జర్మనీకి చెందిన ఆడోల్ఫ్ మార్టెన్స్ సూక్ష్మదర్శినిలో లోహాలను పరిశీలించిన తొలితరం శాస్త్రజ్ఞుల్లో ఒకడు. ఆయన పేరు మీదనే ఈ గట్టి ఉక్కును మార్టెన్‌సైట్ అంటారు. దాన్ని మళ్ళీ కొద్దిగా వెచ్చచేస్తే కొంత కర్బనం బయటికి జరుగుతుంది. గట్టిదనంలో కొంత పోయి, దానికి బదులు సాగుడు వస్తుంది.

ఆ రంగుల మాట మరిచాను. సూది పైన ఏర్పడే ఆక్సైడు పొర చాలా పలచనిది. సబ్బుబుడగ మీద రంగులు కనిపించే కారణమే ఇక్కడా పనిచేస్తుంది. వేడి పెరిగినకొద్దీ పొర మందమై రంగు మారుతుంది. లేత పసుపు అంటే దాదాపు 220 డిగ్రీలు, గోధుమరంగు 255, ఊదా 275, నీలం 300కు దగ్గర. మంగలి కత్తికి లేత పసుపు చాలు. దెబ్బలు తినే కత్తులకు గోధుమ, ఊదా రంగులు దాకా పోవాలి. స్ప్రింగులకు నీలం. థర్మామీటరు లేనివాడికి ఇంతకన్నా మంచి థర్మామీటరు ఏముంది చెప్పండి?

ఇప్పుడు కొలిమిలోకి పోదాం. కొలిమి పాక ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. అది పేదరికం వల్లనే అనుకోకండి. ఎండలో చూస్తే చాలా వేడిగా ఉన్న ఇనుము కూడా నల్లగానే కనిపించవచ్చు! కాలిన ఇనుము రంగు సరిగా తెలియాలంటే నీడ కావాలి. మందమైన ఎరుపు, చెర్రీపండు ఎరుపు, నారింజ, పసుపు, చివరకు తెలుపు. సుత్తి దెబ్బలకు నారింజ, పసుపు రంగులు అనువైనవి. ఎరుపు తగ్గాక కొడితే ఉక్కు పగుళ్ళు తీస్తుంది. తెల్లబడి చిటపటమని నిప్పురవ్వలు చిమ్మితే ఉక్కే కాలిపోతున్నదన్నమాట. ఆ ముక్కను మళ్ళీ బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు.

ముంచడానికి తగిన వేడి వచ్చిందని తెలిసేదెలా? ఇందుకో తమాషా ఉపాయం ఉంది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత లౌడుస్పీకరులోని అయస్కాంతాన్ని ఒక తీగకు వేలాడదీసి, కాలిన కత్తిని తాకించి చూస్తారు. అంటుకోకపోతే, ఇంకొంచెం కాల్చి ముంచవచ్చు.

కొత్తగా చేరినవారు మొదట చెయ్యవలసింది కత్తి కాదు, గోడకు కొట్టే కొక్కెం. ఒక కొసను సన్నంగా లాగడం, రెండో కొసను వంచడం వస్తే సగం విద్య వచ్చినట్లే. ఇంట్లో బంకమన్ను కడ్డీని చల్లని సుత్తితో కొట్టి సాధన చెయ్యండి. దాగలి మీద కాలిన ఇనుము ఎటు సాగుతుందో, మన్ను కూడా అటే సాగుతుంది. నల్లగా ఉన్న ఇనుమంతా చల్లనిదని మాత్రం నమ్మకండి. వేళ్ళు కాలేది ఎర్రని ఇనుము వల్ల కాదు, నల్లని ఇనుము వల్లనే. తెల్లని జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఏ ఇనుము వాడాలన్నదీ ముఖ్యమే. లారీల కింద ఉండే పాత కమాను పట్టీ కమ్మరికి బంగారం. అందులో అరశాతానికి పైగా కర్బనం ఉంటుంది. ఇల్లు కట్టే కమ్మీలో అది సాధారణంగా చాలా తక్కువ కనుక, దానితో చేసిన కత్తి ఎంత ముంచినా అంచు నిలవదు. అయినా కమ్మీని తీసిపారెయ్యకండి. కమ్మరి కత్తి అంచును మాత్రమే క్షణకాలం ముంచి పైకి తీస్తాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంది. అంచును రాయి మీద రుద్ది, పసుపు, గోధుమ రంగులు వచ్చేదాకా కళ్ళార్పకుండా చూసి, అప్పుడు పూర్తిగా ముంచుతాడు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో టి.ఎం.టి. కమ్మీలు చేసేదీ ఇదే సూత్రంతో. ఎర్రని కమ్మీ పైభాగాన్ని నీటి ధారలతో చల్లార్చితే, లోపలి వేడి బయటకు వచ్చి ఆ పైపొరకు సాగుడునిస్తుంది. కమ్మరి కంటితో చేసేది అక్కడ యంత్రం చేస్తుంది.

ఈ కంటిచూపు విలువ ఒకప్పుడు యూరపువారికీ తెలిసివచ్చింది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టిమూసలలో ఉక్కు కరిగించేవారు. హెన్రీ వాయిసీ అనే ఆయన రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడిని ఆయన అక్కడ చూశాడు. మన "ఉక్కు" అన్న మాటే యూరపులో "వూట్జ్" అయిందని పండితుల అభిప్రాయం. కన్నడంలోనూ ఆ మాట ఉంది, కాబట్టి ఇద్దరం పంచుకుందాం. ఇందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. అక్కడి కమ్మరులు తమకు అలవాటైన పసుపు వేడిలో కొడితే అది పొడిపొడిగా రాలేది. తక్కువ వేడిలో, ఓపికగా కొట్టాలని వారికి తెలియదు. దీని రహస్యం వెతికినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. విద్యుత్తు పాఠంలో మీరు చదివిన ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి! ఫారడే 1819లో దీన్ని పరీక్షించి, అల్యూమినియం, సిలికాన్‌ల వల్ల దీనికి ఈ గుణం వచ్చిందనుకున్నాడు. అసలు కారణం కర్బనమని తరువాత తేలింది.

మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతుంటే ఒకరోజు అనుమతి అడిగి, దూరంగా నిలబడి చూడండి. ఏ రంగు దగ్గర ఆపాడు, ఎంతసేపు ముంచాడు, కొడవలికీ గొడ్డలికీ తేడా ఏమిటి, నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ వివరాలను చాలామంది కమ్మరులు కాగితం మీద పెట్టలేదు. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు ట్రేడు చేరవచ్చు. అది రెండేళ్ళ చదువు. అక్కడ మొదట మీ చేతికి ఇచ్చేది సుత్తి కాదు, ఆకురాయి. ఒక ఇనుపముక్కను నాలుగు వైపులా చదునుగా, మూలమట్టానికి సరిపోయేలా రాయమంటారు. వెలుగు దూరే సందు కనిపిస్తే మళ్ళీ మొదలు.