దృశ్యమెక్కడ నిలువయుండును?

త్రిపరిమాణ దృశ్యములను బ్రౌజరులోనే కూర్చుటకు త్రీ.జేఎస్ ఎడిటరు ఒక సాధనము. దీనికి మూలమైన త్రీ.జేఎస్ 2010లో వెలువడినది. ఎడిటరు ఫైళ్లను కంప్యూటరులోనికి దింపుకొని నేరుగా తెరచినచో అది పనిచేయదు. డిస్కునుండి తెరచిన పుట ఇతర ఫైళ్లను చదువకుండ భద్రతకొరకు బ్రౌజరు అడ్డగించును. కనుక చిన్న సర్వరును నడిపి, దాని చిరునామాద్వారా తెరువవలెను. సర్వరు ఫైళ్లను అందించును. తక్కిన పని యంతయు బ్రౌజరుదే.

కూర్చిన దృశ్యము కూడ సర్వరులో కాక, బ్రౌజరు భాండారములో ఆ చిరునామా పేరిటనే నిలువయుండును. ప్రోటోకాలు, హోస్టు పేరు, పోర్టు సంఖ్య — వీనిలో ఒక్కటి మారినను బ్రౌజరు దానిని వేరు స్థలముగా నెంచును. ఎడిటరును పదిమంది వాడుకకై మరియొక సర్వరునకు మార్చినచో పాత దృశ్యము అచ్చట కనబడదు. ఇల్లు మారినపుడు పాత ఇంటిలోని పెట్టె తానై నడచిరాదు గదా! కావున మార్పునకు ముందే దృశ్యమును ప్రత్యేకముగా ఫైలుగా భద్రపరచుకొనవలెను.